కరోనా మిగిల్చిన లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జగిత్యాలలో నాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. రిటర్నులు వేయడం, లోన్ కాగితాలు తయారుచేయడం, జీఎస్టీ ఫైలింగు, ఇదే పని. వచ్చినవాళ్లు సంతకాలు అయ్యాక వెంటనే లేవరు. "సార్, ఒక్క మాట" అంటారు. ఆ ఒక్క మాటలు విని విని నాకు అర్థమైంది ఏమిటంటే, వాటిలో సగం తిరిగి తిరిగి 2020 దగ్గరికే చేరుతున్నాయి. అడిగేవాళ్లకు మాత్రం కరోనా గుర్తుకు కూడా రాదు. పదే పదే అడిగినవి ఇక్కడ రాసి పెట్టాను.

జీడీపీ ఎప్పుడో కోలుకుంది కదా, ఇంకా కరోనా ప్రభావం ఏమిటి?

కోలుకున్న మాట నిజమే. 2020 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశ జీడీపీ దాదాపు నాలుగో వంతు పడిపోయింది. అప్పుడు మొదట ప్రకటించిన అంకె 23.9 శాతం. తర్వాత లేచింది, పాత స్థాయిని దాటింది. అందుకే టీవీలో ఆ ఊసు లేదు. కానీ జీడీపీ అంటే మొత్తం కూడిక. ఎవరి పుస్తకంలో తగ్గింది, ఎవరి పుస్తకంలో పెరిగింది అనేది అందులో కనిపించదు. నేను చూసినంతలో కరోనా నష్టంలో చాలా భాగం ఖాతా మారి కూర్చుంది. కొంత ఇంటి లోన్లోకి, కొంత సెస్సులోకి, కొంత పిల్లల చదువులోకి పోయింది. కింద రాసిన జవాబులన్నీ ఆ ఖాతాల గురించే.

మారటోరియంలో ఆరు కిస్తీలే ఆపాను. లోను ఇన్నేళ్లు ఎలా పెరిగింది?

అందరికంటే ఎక్కువ మంది అడిగింది ఇదే, కాబట్టి వివరంగా చెప్తాను. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీ కట్టకపోయినా ఫర్వాలేదని రిజర్వ్ బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు.

30 లక్షల ఇంటి లోను, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకోండి. కిస్తీ 25,093. లోను తీసుకున్న కొత్తలోనే ఆరు నెలలు ఆపితే, నెలకు 20,000 చొప్పున 1,20,000 వడ్డీ వచ్చి అసలులో కలిసింది. బాకీ 31,20,000 అయింది. కిస్తీ మాత్రం అదే ఉంచారు. ఇప్పుడు లెక్క వేయండి: 240 కిస్తీల్లో తీరాల్సింది 266 దాకా పోతుంది. ఆపింది ఆరు, అదనంగా కట్టేది ఇరవై ఆరు. డబ్బుల్లో చెప్పాలంటే ఆరున్నర లక్షలకు దగ్గర.

అప్పట్లో పేపర్ల నిండా 'వడ్డీ మీద వడ్డీ' గొడవే. రెండు కోట్ల లోపు లోన్లకు ఆ తేడా కేంద్రం భరించింది, 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఎవరి దగ్గరా అది వసూలు చేయొద్దంది. మన ఉదాహరణలో ఆ వడ్డీ మీద వడ్డీ ఎంతో తెలుసా? రెండు వేల చిల్లర. కోర్టులో అంత పోరాటం జరిగింది ఆ రెండు వేల గురించి. ఆరున్నర లక్షలు స్టేట్‌మెంటులో చివరి కాలమ్‌లో చేరాయి, ఆ కాలమ్ ఎవరూ చదవరు.

మారటోరియం తీసుకోలేదు, 2022లో లోను తీసుకున్నాను. అసలు ఎందుకు తగ్గడం లేదు?

ఇదీ కరోనా కథే, రెండో భాగం. జనం అప్పు తీసుకుని ఖర్చుపెట్టాలని 2020 మేలో రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 4 శాతానికి దించారు. ఇంటి లోన్లు 6.75 శాతానికి కూడా దొరికాయి. అప్పుడు ఇల్లు కొనమని చెప్పని బంధువు లేడు. 2022 మేలో రేటు పెంచడం మొదలై, 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. పది నెలల్లో రెండున్నర శాతం.

30 లక్షలకు 6.75 శాతం దగ్గర 20 ఏళ్ల కిస్తీ 22,811. రేటు 9.25 అయ్యాక నెల వడ్డీయే 22,500 దాటింది. బ్యాంకు కిస్తీ పెంచకుండా ఏళ్లు పెంచింది. దాంతో అసలుకు జమయ్యేది నెలకు రెండు మూడు వందలు. నా దగ్గరికి వచ్చిన ఒక లైన్‌మన్ తన స్టేట్‌మెంటు చూపించి, "సార్, ఇది అద్దె ఇల్లే కదా" అన్నాడు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు, రేటు మారినప్పుడు కిస్తీ పెంచాలా, ఏళ్లు పెంచాలా అని ఖాతాదారును అడగాల్సిందేనని బ్యాంకులకు చెప్పింది. 2025లో రేట్లు మళ్ళీ తగ్గాయి. మీ బ్రాంచికి వెళ్లి కిస్తీ అంతే ఉంచి ఏళ్లు తగ్గించమని రాసివ్వండి.

ధరలు కరోనా ముందటి స్థాయికి ఎందుకు దిగలేదు?

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. ఎక్కిన మెట్టు దిగరు. సరుకు కంటైనర్ల సంగతి చూడండి. 40 అడుగుల పెట్టెకు కరోనా ముందు ప్రపంచ సగటు కిరాయి 1,500 డాలర్ల లోపు. 2021 సెప్టెంబరులో 10,000 డాలర్లు దాటింది. వంట నూనె విషయంలో మలేషియా పామాయిల్ తోటల్లో గెలలు కోసే విదేశీ కూలీలకు సరిహద్దులు మూసేశారు, తర్వాత ఉక్రెయిన్ యుద్ధం పొద్దుతిరుగుడు నూనెను పట్టుకుంది. మన దగ్గర 2022లో ధరలు వరుసగా మూడు త్రైమాసికాలు 6 శాతం గీత దాటి పెరిగితే, ఎందుకు అదుపు చేయలేకపోయామో చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వానికి లేఖ రాయాల్సి వచ్చింది. ఆ నిబంధన వచ్చాక అదే మొదటిసారి.

దీనికి ఒక పచ్చటి కొస ఉంది. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టింది. మా చుట్టుపక్కల వరి మళ్ల మధ్య ఇప్పుడు కనిపిస్తున్న పామాయిల్ మొక్కల వెనక ఆ నూనె ధరల భయం కూడా ఉంది.

ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక నోట్లు తగ్గాయా?

అందరూ అలాగే అనుకున్నారు. యూపీఐ లావాదేవీలు 2019-20లో 1,252 కోట్లు, 2024-25లో 18,587 కోట్లు. చాయ్ బండి దగ్గర కూడా డబ్బు పడిందని డబ్బా అరుస్తుంది. కానీ చలామణిలో ఉన్న నోట్ల విలువ కూడా 2020 మార్చిలో 24.2 లక్షల కోట్లుంటే, ఏడాది తిరిగేసరికి 28.3 లక్షల కోట్లయింది. ఆసుపత్రి అవసరం ఎప్పుడొస్తుందోనని జనం నోట్లు తీసి ఇంట్లో పెట్టుకున్నారు. నోటు జేబులోంచి బీరువాలోకి మారింది, అంతే.

చిన్న వ్యాపారికి ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. ఖాతాలో లావాదేవీలు కనిపిస్తే లోను దొరుకుతుంది. అవే లావాదేవీలు కనిపించి జీఎస్టీ నోటీసూ వస్తుంది. నోటీసు పట్టుకుని మొదటిసారి నా ఆఫీసు మెట్లెక్కిన టిఫిన్ సెంటర్ అన్నలు కొందరున్నారు.

మా అబ్బాయికి 2022లో ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ మాత్రం రాలేదు. కరోనాకి దీనికి సంబంధమేంటి?

నేరుగా సంబంధం ఉంది. లాక్‌డౌన్‌లో అమెరికా, యూరప్ కంపెనీలు నాలుగైదేళ్లలో చేయాల్సిన కంప్యూటర్ పనులన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్నాయి. అక్కడ వడ్డీ సున్నాకు దగ్గర. డబ్బుకు కొదవ లేదు. హైదరాబాదులో ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని ఇంకో ఆఫర్‌కి బేరమాడిన కాలం అది. టీసీఎస్ ఒక్కటే 2021-22లో నికరంగా లక్షకు పైగా మందిని చేర్చుకుంది.

2023 జూలై నాటికి అమెరికాలో వడ్డీ రేటు 5.25-5.5 శాతానికి ఎక్కింది. ముందే వాడేసుకున్న డిమాండు మళ్ళీ రాలేదు. 2023-24లో టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు తగ్గింది. ఆ మధ్యలో కాలేజీ నుంచి బయటికి వచ్చిన బ్యాచ్ ఇరుక్కుపోయింది. మాంద్యంలో మొదటి ఉద్యోగం వెతుక్కున్నవాళ్ల జీతం తోటివాళ్లను అందుకోవడానికి పదేళ్ల దాకా పట్టవచ్చని వేరే దేశాల్లో ఎప్పుడో లెక్కగట్టారు. 2021లో చేరినవాడికి, 2023లో చేరినవాడికి తేడా తెలివితేటల్లో లేదు, పుట్టిన సంవత్సరంలో ఉంది. పెళ్లి సంబంధాల దగ్గర ఈ మాట ఎవరూ ఒప్పుకోరనుకోండి.

ఊళ్లకు తిరిగొచ్చినవాళ్లు మళ్ళీ పట్నం పోలేదా?

పోయినవాళ్లు పోయారు. 2020 మే 1న వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచే బయల్దేరి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. వారానికల్లా అదే లింగంపల్లికి బీహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు వచ్చింది, మిల్లుల్లో పనిచేసే హమాలీలతో. యాసంగి వడ్లు మిల్లుల ముందు కుప్పలు పడి ఉన్నాయి, దించే చేతులు లేవు. మా దగ్గర బియ్యం మిల్లు ఎవరి భుజాల మీద నడుస్తుందో చాలామందికి తెలిసింది ఆ వారమే.

అయితే దేశం మొత్తం మీద చూస్తే ఒక చక్రం వెనక్కి తిరిగింది. పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఆధారపడ్డవాళ్లు 2018-19లో 42.5 శాతం. దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన అంకె అది. 2020-21లో 46.5కు ఎక్కింది. 2023-24లోనూ 46.1 దగ్గరే ఉంది. కరోనా పోయి ఏళ్లయినా దిగలేదు. భూమి పెరగలేదు, పంచుకునేవాళ్లు పెరిగారు. ఉపాధి హామీ కూడా 2020-21లో 389 కోట్ల పనిదినాలు ఇచ్చి రికార్డు సృష్టించింది. సంతోషపడాల్సిన రికార్డు కాదది.

ఆడవాళ్లలో పనిచేసేవాళ్లు బాగా పెరిగారంటున్నారు, మంచిదే కదా?

15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. వినడానికి బాగుంది. దగ్గరికి వెళ్లి చూడండి. ఒకాయన దుబాయ్ నుంచి తిరిగొచ్చి కిరాణా కొట్టు పెట్టాడు. పొద్దున ఆరింటి నుంచి గల్లా దగ్గర ఆయన భార్య. సర్వేలో ఆమె 'పనిలో ఉన్న మనిషి'. జీతం అడిగితే నవ్వుతుంది. పెరిగినదాంట్లో పెద్ద భాగం ఇలా సొంత పని, ఇంటి వ్యాపారంలో జీతం లేని సాయం. నెల జీతం ఉద్యోగాలు అంతగా పెరగలేదు.

గల్ఫ్ డబ్బు ఆగిపోతుందన్నారు, ఆగిందా?

ఆగలేదు, అదే ఆశ్చర్యం. 2020లో విదేశాల నుంచి భారత్‌కు వచ్చే డబ్బు 23 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. చివరికి తగ్గింది 0.2 శాతం. విమానాలు ఆగడంతో చేతికిచ్చి పంపే డబ్బు కూడా బ్యాంకు దారి పట్టింది. తిరిగొచ్చేవాళ్లు పొదుపు మొత్తం ఊడ్చుకుని తెచ్చారు.

మెల్లగా మారింది మాత్రం ఒకటుంది. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2016-17లో మనకు ఎక్కువ డబ్బు పంపిన దేశం యూఏఈ. 2020-21కి ఆ స్థానం అమెరికాది. అంటే మస్కట్‌లో మేస్త్రీ పంపే డబ్బు కన్నా డల్లాస్‌లో ఇంజినీరు పంపేది బరువెక్కింది. 2023-24 సర్వేలో దేశానికి వచ్చిన మొత్తంలో తెలంగాణ వాటా 8.1 శాతం. అది మా ఊరి మేస్త్రీ ఇంటికి ఎంత, గచ్చిబౌలి ఫ్లాటుకి ఎంత అని అందులో రాయలేదు.

బంగారం గిర్వి పెట్టి పోగొట్టుకున్నాం. ధర పెరిగింది కదా, బ్యాంకు ఎందుకు వేలం వేసింది?

తేదీలు చూడండి. 2020 ఆగస్టులో పది గ్రాముల మేలిమి బంగారం 56 వేలు. అదే నెలలో, బంగారం విలువలో 75 శాతం దాకానే అప్పు ఇచ్చే బ్యాంకులకు 90 శాతం దాకా ఇవ్వొచ్చని అనుమతి వచ్చింది. అంటే పది గ్రాములకు 50,400. 2021 మార్చి నాటికి ధర 45 వేల దగ్గరికి దిగింది. బాకీ ఎక్కువ, నగ తక్కువ. తేడా కట్టమన్నారు. అప్పటికే చేతిలో పైసా లేనివాళ్లు కట్టలేకపోయారు, నగలు వేలానికి పోయాయి. 2025లో అదే పది గ్రాములు లక్ష దాటింది. సాయం చేయాలని తీసుకున్న నిర్ణయమే, వచ్చిన సమయం మాత్రం పేదవాళ్లకు అచ్చిరాలేదు.

మా బావమరిది లాక్‌డౌన్‌లో ట్రేడింగ్ మొదలుపెట్టాడు...

ఇక చెప్పక్కర్లేదు. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాలు 2020 మార్చిలో 4 కోట్ల చిల్లర, 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. ఆప్షన్లు, ఫ్యూచర్లు (రేపటి ధర మీద వేసే పందేల్లాంటివి) ఆడిన చిల్లర మదుపరుల్లో 93 శాతం మంది 2021-22 నుంచి మూడేళ్లలో నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ తేల్చింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. రిటర్ను వేసేటప్పుడు ఆ నష్టం చూపించాలా అని అడుగుతారు. చూపించాలి, గడువులోపే. ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. ఇంట్లో చూపించాలా అనేది నా పరిధిలో లేదు.

కార్లు బాగానే అమ్ముడవుతున్నాయి కదా, కష్టాలెక్కడ?

2018-19లో దేశంలో 2.12 కోట్ల బైకులు, స్కూటర్లు అమ్ముడయ్యాయి. 2021-22లో 1.35 కోట్లు. 2024-25లోనూ 1.96 కోట్లే, పాత శిఖరం అందలేదు. కార్లు, జీపులు మాత్రం అదే కాలంలో దాదాపు 34 లక్షల నుంచి 43 లక్షలకు పెరిగాయి. కారు కొనేవాడు పెద్ద కారుకు మారాడు, బైకు కొనేవాడు పాత బైకు రిపేరు చేయించుకుంటున్నాడు. మెకానిక్ షాపుల రద్దీ చూస్తే ఈ లెక్కతో పనే లేదు.

ప్రభుత్వాల అప్పు ఎవరు తీర్చారు?

మీరే. జీఎస్టీ వసూళ్లు పడిపోతే రాష్ట్రాలకు పరిహారం కోసం కేంద్రం రెండేళ్లలో 2.69 లక్షల కోట్లు అప్పు చేసింది. అది తీర్చడానికి, 2022 జూన్‌తో అయిపోవాల్సిన పరిహార సెస్సును 2026 మార్చి దాకా పొడిగించారు. 2025 సెప్టెంబరు 22 దాకా మీరు కొన్న ప్రతి పెట్రోలు, డీజిల్ కారులో, ప్రతి కూల్‌డ్రింకులో కరోనా బాకీ కొంత ఉంది. ఆ తేదీ తర్వాత కొన్నాళ్లు పొగాకు సరుకుల మీదే మిగిలింది.

కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం (డీఏ) పెంపు 18 నెలలు ఆపి 34,402 కోట్లు మిగుల్చుకున్నారు. ఆ బకాయి మళ్ళీ ఇవ్వలేదు. రైల్వే పెన్షనర్లు ఇప్పటికీ అడుగుతుంటారు, వస్తుందా అని. నేను రాదనే చెప్తాను.

రేషన్ కార్డుకీ కరోనాకీ ఏం సంబంధం?

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగింది. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరగాల్సి ఉంది. ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యం అనేది జనాభాను బట్టి తేలుతుంది. ఆ జనాభా 2011ది. అప్పటికి పుట్టని పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. కేంద్రం కోటా మాత్రం 81 కోట్ల దగ్గరే ఆగింది. ఉచిత బియ్యం కూడా 2020 ఏప్రిల్‌లో మూడు నెలలకని మొదలైంది. పొడిగిస్తూ పోయి, 2024 జనవరి నుంచి ఇంకో ఐదేళ్లన్నారు.

పిల్లల చదువు సంగతి? ఇప్పుడు బాగానే వెళ్తున్నారు కదా బడికి.

నాకు అన్నిటికంటే భయం వేసే లెక్క ఇది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు గ్రామాల్లో 2018లో 27.3 శాతం. బళ్లు తెరిచాక 2022లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే చేస్తే 20.5 శాతం. 2024కి మళ్ళీ 27.1కి వచ్చింది, సంతోషం. కానీ 2024లో మూడో తరగతిలో ఉన్నవాడు 2022లో ఉన్నవాడు కాదు. ఆ పిల్లాడు పై తరగతులకు వెళ్లిపోయాడు, వాడి అంకె ఈ పట్టికలో కనిపించదు.

టీచర్ల బతుకులూ మారాయి. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం తెచ్చుకున్న ఒక లెక్కల సారు మా వీధిలోనే కూరగాయల బండి పెట్టాడు. బళ్లు తెరిచాక పిలిచారు గానీ వెళ్లలేదు. బండి మీద ఎక్కువ మిగులుతోందట. ఆయన త్రికోణమితి చెప్తే విన్నవాళ్లకు తెలుసు, పోయిందేమిటో.

ఇంతకుముందు మహమ్మారులు వచ్చినప్పుడూ ఇలాగే జరిగిందా?

14వ శతాబ్దంలో ప్లేగు వచ్చి యూరప్‌లో మూడో వంతుకు తక్కువ కాకుండా జనం చనిపోతే, బతికిన కూలీల కూలి పెరిగింది. ఎంత పెరిగిందంటే, పాత రేటుకే పనిచేయాలని 1351లో ఇంగ్లండు చట్టం చేసింది. చట్టం నిలబడలేదు, కూలి నిలబడింది. కరోనా ఎక్కువగా పెద్ద వయసువాళ్లను తీసుకుపోయింది, పైగా పనులే ఆగిపోయాయి. అందుకే ఆ మేలు ఈసారి కూలీకి దక్కలేదు.

1918 ఫ్లూ మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. 1911-21 మధ్య దేశ జనాభా తగ్గింది. జనగణన చరిత్రలో అలాంటి దశాబ్దం అదొక్కటే. ఆ చావుల మీద ఆర్థికవేత్తలు నలభై ఏళ్ల తర్వాత కూడా వాదించుకున్నారు. పల్లెల్లో అక్కరలేని కూలీలు ఎక్కువున్నారంటే, అంతమంది పోయినా సాగు తగ్గకూడదు కదా అని థియోడర్ షుల్ట్జ్ అన్నాడు. తగ్గింది కాబట్టి అదనపు కూలీ అనేదే లేదన్నాడు. అమర్త్యసేన్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఇంకో సంగతి: ఫ్లూ సమయంలో తల్లి కడుపులో ఉన్న అమెరికన్ పిల్లలు పెద్దయ్యాక చదువులో, సంపాదనలో వెనకబడ్డారని ఆర్థికవేత్త డగ్లస్ ఆల్మండ్ 2006లో చూపించాడు. ఆయన వాడిన జనగణనలు 1960 నుంచి 1980 వరకువి. 2020లో పుట్టిన పిల్లల లెక్క తేలేసరికి నా ఆఫీసు ఉండదు.

ఒక్క మంచైనా జరగలేదా?

జరిగింది. చైనా నుంచి మందుల ముడిసరుకు ఆగితే ఏమవుతుందోనన్న భయంతో 2020లో కేంద్రం ప్రోత్సాహక పథకం పెట్టింది. దాని కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జీ ఫ్యాక్టరీ కట్టింది. దాదాపు మూడు దశాబ్దాల కింద చైనా ధరకు తట్టుకోలేక మన దేశంలో ఆగిపోయిన తయారీ అది, 2024లో మళ్ళీ మొదలైంది.

మళ్ళీ ఎప్పుడైనా కిస్తీ ఆపుకోమంటే ఆపుకోవాలా?

జీతం ఆగితే ఆపండి, తప్పదు. ఇంట్లో తిండికన్నా సిబిల్ స్కోరు ఎక్కువ కాదు. జీతం వస్తూ ఉంటే ఆపకండి. ఆపినా, ఆపేముందు మిగిలిన కిస్తీలెన్ని, మళ్ళీ మొదలయ్యాక ఎన్ని అని రెండు అంకెలూ బ్యాంకు వాళ్ల చేత కాగితం మీద రాయించుకుని, స్టాంపు వేయించుకోండి. కౌంటరు దగ్గర "సిస్టమ్‌లో ఉంటుంది సార్" అంటారు. సరే, ప్రింటు తీసివ్వమనండి.